అగ్నిపరీక్షకు నిలిచిన శిలామందిరం

కట్టడాల గొప్పతనం వాటి పరిమాణాన్ని బట్టి నిర్ణయమయ్యేది కాదు. వేలాది జనం పట్టే విశాల మందిరాలు కొన్ని కాలగర్భంలో పేరు కూడా మిగలకుండా కలిసిపోయాయి. కొద్దిమంది మాత్రమే నిలువగల చిన్న మందిరాలు కొన్ని శతాబ్దాల తరబడి శిల్పులను, పండితులను, యాత్రికులను ఆకర్షిస్తూ వచ్చాయి. ఇటలీ దేశపు ఉత్తర భాగంలో, ఆల్ప్స్ పర్వతాల చెంత, పో నదీతీరాన వెలసిన టురిన్ నగరంలోని ‘పవిత్ర వస్త్ర ప్రార్థనాలయం’ రెండవ కోవకు చెందినది. 17వ శతాబ్దంలో నల్లని చలువరాతితో నిర్మితమైన ఈ మందిరం 1997లో ఒక్క రాత్రిలో అగ్నికి ఆహుతై, కూలిపోయే స్థితికి చేరింది. 21 సంవత్సరాల కృషి ఫలితంగా 2018లో మళ్ళీ తలుపులు తెరుచుకున్నది. దీని నిర్మాణంలో ఒక గణితవేత్త ప్రతిభ కనిపిస్తుంది. దీని పునరుద్ధరణలో ఒక తరం వారి ఓర్పు కనిపిస్తుంది.

రాజభవనానికో, పెద్ద చర్చికో అనుబంధంగా ఉండే చిన్న ప్రార్థనాలయాన్ని చాపెల్ అంటారు. టురిన్‌లోని ఈ చాపెల్‌కు ఒక ప్రత్యేకత ఉన్నది. ఒకవైపు 15వ శతాబ్ది చివరలో కట్టిన సెయింట్ జాన్ ప్రధాన చర్చి, మరొకవైపు సవోయ్ రాజవంశీయుల ప్రాసాదం; ఆ రెంటి నడుమ, రెంటికీ చెందుతూ ఇది నిలిచి ఉన్నది. దీని నేల చర్చి నేలతో సమంగా కాక, రాజభవనపు మేడ అంతస్తుతో సమంగా ఉంటుంది. రాజు తన మందిరం నుండి నేరుగా నడచి రావచ్చు. ప్రజలు మాత్రం చర్చి నుండి మెట్లెక్కి రావాలి. ఆనాటి సమాజంలో రాజ్యాధికారానికీ మతానికీ ఉన్న అనుబంధం ఈ అమరికలోనే వ్యక్తమవుతున్నది.

ఈ మందిరం ఒక వస్త్రం కోసం పుట్టింది. దాదాపు 4.4 మీటర్ల పొడవు, 1.1 మీటర్ల వెడల్పు గల ఆ నారబట్టపై ఒక మానవ దేహపు ఛాయ, ముందు వెనుకలుగా, మసకగా కనిపిస్తుంది. శిలువ నుండి దించిన క్రీస్తు దేహానికి చుట్టిన వస్త్రం ఇదేనని ఎందరో భక్తుల విశ్వాసం. 1453లో ఇది సవోయ్ ప్రభువుల చేతికి వచ్చింది. వారు దీనిని అప్పటి తమ రాజధాని షాంబెరీలో భద్రపరిచారు. 1532లో అక్కడి చాపెల్‌లో నిప్పంటుకున్నది. వస్త్రాన్ని ఉంచిన వెండి పెట్టె వేడికి కరిగి, మడతల మీద పడి, బట్టను పలుచోట్ల కాల్చింది. సన్యాసినులు ఆ రంధ్రాలకు మాసికలు వేశారు. తరువాత రాజధాని టురిన్‌కు మారింది. 1578లో వస్త్రం కూడా అక్కడికి చేరింది. 1988లో మూడు ప్రయోగశాలలు కార్బన్ పరీక్ష జరిపి, ఈ బట్ట 1260 – 1390 సంవత్సరాల మధ్యకాలానిదని తేల్చాయి. అయినా భక్తుల ఆదరం తగ్గలేదు. విశ్వాసానికీ, విజ్ఞానానికీ మధ్య సాగుతున్న ఆ వాదం అలా ఉండనిచ్చి, మనం ఆ వస్త్రానికి కట్టిన ఇంటి కథను పరిశీలిద్దాం.

వస్త్రానికి తగిన మందిరం కట్టాలన్న సంకల్పం 17వ శతాబ్ది ఆరంభం నుండే ఉన్నది. తొలి ప్రయత్నాలు సగంలో ఆగిపోయాయి. 1657లో బెర్నార్దీనో క్వాద్రి అనే శిల్పి గుండ్రని ఆకారంలో కొత్త ప్రణాళిక గీశాడు. ఆ ప్రకారం గోడలు లేస్తుండగా, 1668లో నిర్మాణ బాధ్యత గ్వారీనో గ్వారీని చేతికి వచ్చింది. అప్పటికే లేచిన గోడలను ఆయన పడగొట్టలేదు. వాటినే ఆధారం చేసుకొని, వాటిపై అంతవరకు ఎవరూ ఊహించని ఆకృతిని నిలిపాడు.

గ్వారీని కేవలం శిల్పి కాడు. 1624లో మొదేనా నగరంలో జన్మించి, థియాటిన్ సంప్రదాయానికి చెందిన క్రైస్తవ సన్యాసిగా జీవించాడు. తత్త్వశాస్త్రాన్నీ, గణితాన్నీ బోధించాడు. యూక్లిడ్ రేఖాగణితంపై 1671లో పెద్ద గ్రంథం వెలువరించాడు. యువకుడుగా రోమ్ నగరంలో విద్యాభ్యాసం చేసే రోజుల్లో అక్కడ బరోక్ వాస్తుశైలి వికసిస్తున్నది. బెర్నీనీ, బొరొమీనీ వంటి మహాశిల్పులు ఆ శైలికి ప్రాణం పోస్తున్నారు.

బరోక్ అనే మాటకు మూలం పోర్చుగీసు భాషలో వంకర ముత్యాన్ని తెలిపే పదమని చెబుతారు. అంతకు పూర్వపు పునరుజ్జీవన యుగ శిల్పులు సరళరేఖను, పూర్ణవృత్తాన్ని, నిశ్చలమైన సమతను ప్రేమించారు. బరోక్ శిల్పులు చలనాన్ని ప్రేమించారు. వారి గోడలు అలల వలె వంగుతాయి. వారి స్తంభాలు మెలి తిరుగుతాయి. వెలుగు ఎక్కడి నుండి వస్తున్నదో తెలియకుండా దాచిపెట్టి, చూసేవారిని ఆశ్చర్యచకితులను చేయడం వారికి ఇష్టమైన విద్య. ఆలయంలో అడుగుపెట్టిన మనిషి మనస్సును కదిలించడమే వారి లక్ష్యం. గ్వారీని ఈ లక్ష్యానికి రేఖాగణితాన్ని సాధనంగా చేసుకున్నాడు.

ఆ సాధన ఎటువంటిదో తెలియాలంటే, ఒక యాత్రికుడు చర్చి నుండి చాపెల్‌కు పోయే దారిని ఊహించుకోవాలి. మెట్లు నల్లని రాతివి. దారి ఇరుకు, వెలుతురు తక్కువ. సమాధి గృహంలోకి పోతున్నామన్న భావన కలుగుతుంది. మెట్లెక్కి గుండ్రని గదిలో అడుగుపెట్టగానే చుట్టూ నల్లని గోడలు, కంచు పీఠాలు, కంచు శిఖరాలు గల స్తంభాలు కనిపిస్తాయి. తలెత్తి చూసేసరికి ఆ చీకటి క్రమంగా కరిగిపోతుంది. గది పైభాగాన మూడు పెద్ద కమానులు, వాటిపై ఆరు పెద్ద కిటికీలు గల వలయం, ఆ వలయంపై గుమ్మటం. కింది రాయి నల్లనిది. పైకి పోయిన కొద్దీ రాతి రంగు బూడిద వన్నెకు మారుతూ తేలికవుతుంది. వేదన నుండి ఆశ వైపు, మరణం నుండి పునరుత్థానం వైపు సాగే క్రైస్తవ భావనను గ్వారీని రాతి రంగుతోనే పలికించాడు.

ఇక ఆ గుమ్మటం వాస్తుచరిత్రలోనే ఒక అద్భుతం. సాధారణంగా గుమ్మటం బోర్లించిన గిన్నె వలె నునుపుగా, మూసుకొని ఉంటుంది. గ్వారీని గుమ్మటం తడిక అల్లినట్లు ఉంటుంది. ముందు ఆరు చిన్న కమానులు వలయంగా నిలుస్తాయి. ఒక్కొక్క కమాను నడినెత్తిన పై వరుస కమాను పాదం మోపుతుంది. ఆ విధంగా ఆరు వరుసలు, వరుసకు ఆరు చొప్పున మొత్తం 36 కమానులు ఒకదానిపై ఒకటి ఎక్కి, పైకి పోయిన కొద్దీ చిన్నవవుతాయి. ప్రతి కమాను కింది ఖాళీలో ఒక కిటికీ ఉన్నది. శిఖరాన పన్నెండు కోణాల నక్షత్రం, దాని మధ్య పరిశుద్ధాత్మకు సంకేతమైన పావురం. కమానులు వేగంగా కుదించుకుపోవడం చేత గుమ్మటం ఉన్నదానికంటే ఎంతో ఎత్తుగా కనిపిస్తుంది. బరువైన రాయి గాలిలో తేలుతున్నదా అన్న భ్రమ కలుగుతుంది.

1683లో గ్వారీని మరణించాడు. మిగిలిన పనులు ఇతరులు సాగించారు. గది నడుమ అంతోనియో బెర్తోలా రూపొందించిన బలిపీఠం వెలసింది. 1694లో వస్త్రాన్ని ఆ పీఠంలో ప్రతిష్ఠించారు. 19వ శతాబ్దంలో సవోయ్ రాజు కార్లో అల్బెర్తో తన పూర్వీకుల స్మారకార్థం తెల్లని చలువరాతి శిల్పాలను ఇందులో చేర్పించాడు. 1946లో ఇటలీ గణతంత్ర రాజ్యమైంది; రాజవంశం దేశం విడిచిపోయింది. చివరి రాజు రెండవ ఉంబెర్తో 1983లో మరణిస్తూ వస్త్రాన్ని పోప్‌కు రాసి ఇచ్చాడు. మందిరం మాత్రం ఇటలీ ప్రభుత్వానిదే. నిలయం ఒకరిది, నిధి మరొకరిది అయింది.

మూడు శతాబ్దాలు నిలిచిన రాయికి కూడా వార్ధక్యం తప్పదు. 1990లో లోపలి అంచు నుండి ఒక చలువరాతి ముక్క ఊడిపడింది. చాపెల్‌ను మూసివేసి మరమ్మతులు ప్రారంభించారు. పనులు సాగుతుండగా వస్త్రానికి హాని కలుగకూడదని 1993లో దానిని చర్చిలోని ప్రధాన పీఠం వెనుకకు తరలించి, తుపాకీ గుండును సైతం ఆపగల మందపు గాజు మధ్య ఉంచారు. 1997 వసంతకాలానికి మరమ్మతులు ముగింపు దశకు చేరుకున్నాయి. లోపల ఇంకా పరంజా, దాని చెక్కలు ఉన్నాయి.

1997 ఏప్రిల్ 11వ తేదీ అర్ధరాత్రి సమీపిస్తుండగా చాపెల్‌లో మంటలు లేచాయి. పరంజా చెక్కలు ఇంధనమయ్యాయి. పైకి ఇరుకవుతూ కిటికీలతో నిండిన గుమ్మటం పొగగొట్టం వలె పనిచేసింది. వెలుగును లోనికి దించేందుకు గ్వారీని తీర్చిన ఆకృతియే ఆ రాత్రి జ్వాలలను పైకి లాగింది. మంటలు పక్కనున్న రాజప్రాసాదపు భాగానికి కూడా వ్యాపించాయి. గుమ్మటం ఏ క్షణాన కూలుతుందో తెలియదు. కూలితే చర్చిలోని వస్త్రం దక్కదు. అగ్నిమాపక దళం వారు ప్రాణాలకు తెగించి చర్చిలో ప్రవేశించి, పెద్ద సుత్తెలతో ఆ మందపు గాజును పగులగొట్టి, వస్త్రం ఉన్న పెట్టెను భుజాలపై బయటకు మోసుకువచ్చారు. తుపాకీ గుండుకు లొంగకుండా తయారైన గాజు మనిషి పట్టుదలకు లొంగింది. తరువాత పరీక్షించి చూడగా వస్త్రానికి ఏ హానీ జరగలేదని తేలింది. 1532లో కాలిన బట్ట ఈసారి కాలలేదు. కాలదనుకున్న రాయి కాలింది.

రాయి కాలడమేమిటని సందేహం కలుగవచ్చు. చలువరాయి సున్నపురాయి జాతికి చెందినది. అందులోని సూక్ష్మ స్ఫటికాలు వేడికి అన్ని దిశలలోనూ సమంగా వ్యాకోచించవు. ఒకవైపు పెరిగి, మరొకవైపు కుదించుకుపోతాయి. ఆ లాగుడులో రాయి లోలోపలే విచ్చిపోతుంది. ఉష్ణోగ్రత 800 డిగ్రీలు దాటితే అది క్రమంగా సున్నంగా మారుతుంది. మన పల్లెలలో సున్నపు బట్టీలో జరిగేది ఇదే. మండిన రాతిపై మంటలార్పే చన్నీళ్ళు పడినపుడు పైపొరలు పెళ్ళలు పెళ్ళలుగా రాలిపోతాయి. ఆ రాత్రి గ్వారీని మందిరం ఒక సున్నపు బట్టీ అయింది. తెల్లవారేసరికి కిటికీలు లేవు, బలిపీఠం ఛిద్రమైంది, గోడలు పగుళ్ళు బారాయి, నేలంతా రాతి ముక్కలతో నిండిపోయింది. గుమ్మటం మాత్రం కూలలేదు.

అదే సంవత్సరం డిసెంబరులో యునెస్కో టురిన్‌లోని సవోయ్ రాజభవనాల సముదాయాన్ని ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించింది. గౌరవం దక్కిన నాటికి ఆ సముదాయంలోని ఈ అపురూప మందిరం శిథిల స్థితిలో ఉన్నది. ఇప్పుడేమి చేయాలి? అన్న ప్రశ్న పండితుల ముందు నిలిచింది. శిథిలాన్ని శిథిలంగానే నిలిపి, జరిగిన విపత్తుకు సాక్ష్యంగా ఉంచడం ఒక మార్గం. మిగిలిన రాతిని తొలగించి అచ్చంగా అటువంటిదే కొత్తగా కట్టడం మరొక మార్గం. 1902లో కూలిన వెనిస్ నగరపు సెయింట్ మార్క్ గంటస్తంభాన్ని 1912 నాటికి ఉన్నచోటనే, ఉన్నట్లుగానే తిరిగి నిర్మించిన ఉదాహరణ ఇటలీలోనే ఉన్నది. కాని, కొత్తగా కట్టినది ఎంత అందంగా ఉన్నా, అది గ్వారీని కాలపు శిల్పుల చేతులు తాకిన రాయి కాదు గదా!

ఈ విషయంలో 1964 నాటి వెనిస్ ఒడంబడిక మార్గదర్శకంగా ఉన్నది. పురాతన కట్టడాల సంరక్షణకు సంబంధించిన ఈ అంతర్జాతీయ పత్రం మూలపదార్థాన్ని గౌరవించాలని చెబుతున్నది. కొత్తగా చేర్చిన భాగం పాత భాగంతో పొంతన కుదరాలనీ, అయితే పరిశీలించి చూసినపుడు కొత్తదని తెలియాలనీ నిర్దేశిస్తున్నది. చూసేవారిని మోసగించరాదన్నది దాని సారాంశం. టురిన్‌లో కూడా పాత రాతిని వీలైనంతవరకు నిలుపుకొని, పనికిరానంతగా చెడిన దానిని మాత్రమే మార్చే మార్గాన్ని ఎంచుకున్నారు.

చెప్పినంత సులభంగా ఆ పని సాగలేదు. ముందుగా మందిరం కూలిపోకుండా ఉక్కు పట్టీలతో, ఊతలతో బిగించవలసి వచ్చింది. నేలపై పడిన ముక్కలను చెత్తగా ఎత్తిపారవేయక ఏరి, వర్గీకరించి భద్రపరిచారు. ఆ తరువాత ఈ గుమ్మటం అసలు ఏ విధంగా నిలబడిందన్న పరిశోధన మొదలయింది. గోడలకు తాపిన చలువరాయి కేవలం అలంకారమని అంతవరకు చాలామంది తలచారు. కొలతలు తీసి, కంప్యూటర్ నమూనాలు తయారుచేసి పరిశీలించగా, ఆ రాయి కూడా ఇటుక కట్టడంతో కలిసి బరువు మోస్తున్నదని తేలింది. అంటే కాలిన రాతిని పైపైన మెత్తి మెరుగుపరిస్తే చాలదు. బరువు మోయగల రాతినే తిరిగి పెట్టాలి. మూడు వందల సంవత్సరాలుగా గ్వారీని దాచుకున్న రహస్యం మంటల వల్ల బయటపడింది.

మరి ఆ రాయి ఎక్కడ దొరుకుతుంది? గ్వారీని వాడిన నల్లని, బూడిద వన్నె చలువరాయి పీడ్‌మాంట్ ప్రాంతపు కొండలలోని ఫ్రబోజా గ్రామపు క్వారీ నుండి వచ్చినది. ఆ క్వారీ ఎంతో కాలంగా మూతబడి ఉన్నది. ఈ మందిరం కోసమే దానిని తిరిగి తెరిచారు. 17వ శతాబ్దంలో ఏ కొండ నుండి రాయి వచ్చిందో, 21వ శతాబ్దంలో ఆ కొండ నుండే మళ్ళీ రాయి దిగివచ్చింది. వెయ్యికి పైగా రాతి భాగాలను కొత్తగా చెక్కి అమర్చారు. చెడిన రాతిని ఒక్కసారిగా తీస్తే పై బరువంతా కిందికి వస్తుంది. అందువల్ల ఒక్కొక్క రాతిని జాగ్రత్తగా తీసి, దాని స్థానంలో కొత్త రాతిని పెడుతూ పోయారు. పగిలినా బరువు మోయగల పాత రాళ్ళను అతికించి, పటిష్ఠపరిచి, వాటి స్థానాలలోనే ఉంచారు. వ్యయం దాదాపు 3 కోట్ల యూరోలు అయింది.

2018 సెప్టెంబరులో చాపెల్ తిరిగి ప్రజలకు అందుబాటులోకి వచ్చింది. అగ్నిప్రమాదం నాడు పుట్టిన పిల్లలు అప్పటికి యువకులయ్యారు. ఒక తరం వారు ఆ గుమ్మటాన్ని చిత్రాలలో తప్ప చూడకుండానే పెరిగారు. బలిపీఠం పునరుద్ధరణ ఆ తరువాత కూడా కొన్నేళ్ళు కొనసాగింది. నేడు రాజప్రాసాద ప్రదర్శనశాలల ద్వారా సందర్శకులు ఈ మందిరంలోకి ప్రవేశించవచ్చు.

అయితే ఏ వస్త్రం కోసం ఈ మందిరం పుట్టిందో, ఆ వస్త్రం మాత్రం తిరిగి రాలేదు. అది ప్రధాన చర్చిలోనే, నియంత్రిత వాతావరణం గల ప్రత్యేక పేటికలో, వెలుతురు సోకకుండా భద్రంగా ఉన్నది. నివసించేవారు లేని ఇంటికి ఇంత శ్రమ, ఇంత ధనం ఎందుకని ఎవరైనా ప్రశ్నించవచ్చు. సమాధానం ఆ గుమ్మటం కిందనే లభిస్తుంది. అక్కడ తలెత్తి చూసినవారిని వస్త్రం ఎక్కడ అని అడిగే ముందు ఆ వెలుగు పలకరిస్తుంది. పేటికగా పుట్టిన కట్టడం తానే నిధి అయింది.

ఈ చిన్న మందిరపు చరిత్ర మనకు కొన్ని పాఠాలు నేర్పుతున్నది. పురాతన కట్టడాలకు యుద్ధాలు, భూకంపాలు మాత్రమే శత్రువులు కావు. మరమ్మతులు జరిగే సమయమే వాటికి మిక్కిలి ప్రమాదకరమైనది. కొయ్య, విద్యుత్ తీగలు, నిప్పుతో కూడిన పనిముట్లు అప్పుడే లోనికి వస్తాయి. పారిస్‌లోని నోత్రదామ్ చర్చి 2019లో కాలింది కూడా మరమ్మతులు జరుగుతుండగానే. కాబట్టి మేలు చేయబోయే చేయి మరింత జాగరూకతతో ఉండాలి. రెండవ పాఠం, కొలతలు, చిత్రాలు, పత్రాలు ముందుగానే సేకరించి ఉంచుకోవడం. రూపం తెలియని దానిని తిరిగి నిలపడం ఎవరితరమూ కాదు. మూడవది, చేతిపనిని కాపాడుకోవడం. క్వారీని మళ్ళీ తెరవవచ్చు. కాని రాతిని చెక్కే నేర్పు గల చేతులు లేకపోతే ఆ రాయి కొండలోనే ఉండిపోతుంది.

కట్టడాన్ని నిర్మించినవారి పేరు చరిత్రలో నిలుస్తుంది. దానిని నిలిపినవారి పేర్లు సాధారణంగా నిలువవు. మంటలలోకి నడచిన అగ్నిమాపక దళం వారు, రాలిన ముక్కలను ఏరిన కార్మికులు, కొండలో రాయి తొలిచినవారు, పగుళ్ళు లెక్కించిన ఇంజనీర్లు – వీరందరూ గ్వారీనికి సహనిర్మాతలే. ముందు తరాలు కట్టి ఇచ్చిన దానిని తరువాతి తరాలకు అందించడం కూడా ఒక నిర్మాణమే. టురిన్ నల్లరాతి మందిరపు గుమ్మటం నుండి నేటికీ దిగివస్తున్న ఆ వెలుగు ఇందుకు సాక్షి.